మీకు తెలుసా? చోటు మారితే పని మారే ఎంజైములు

వడ్ల గింజలో నూనె ఉంది. ఆ నూనెను విరిచి పాడుచేసే ఎంజైమూ అదే గింజలో ఉంది. అయినా గాదెలో పోసిన వడ్లు నెలల తరబడి ముక్కిపోకుండా నిలుస్తాయి. ఎందుకో మీకు తెలుసా?

నూనె ఉండేది బియ్యపు గింజను చుట్టి ఉన్న పలచటి అల్యూరాన్ పొరలోను, మొలక భాగంలోను. లైపేజ్ అనే ఎంజైము ఉండేది దానికి పైనున్న తొడుగు పొరలో. రెంటికీ మధ్య ఎడం వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ కాస్త ఎడం ఉన్నంతకాలం ఒకదాని జోలికి ఒకటి పోదు.

మిల్లులో పాలిష్ పట్టగానే ఆ ఎడం పోతుంది. పొరలన్నీ చితికి తవుడై రాలతాయి. నూనె, లైపేజ్ ఒకే ముద్దలో కలుస్తాయి. లైపేజ్ నూనె అణువుల నుంచి కొవ్వు ఆమ్లాలను ఒక్కొక్కటిగా తెంపడం మొదలుపెడుతుంది. మన ఎండలకు, ఉక్కపోతకు పచ్చి తవుడులో ఇలా తెగిపడ్డ కొవ్వు ఆమ్లాలు రోజుకు 5 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతాయి. మిల్లు వెనక రెండు మూడు రోజులు కుప్పగా పడి ఉన్న తవుడు దగ్గరికి వెళితే ముక్కును తాకే చేదు వాసన దానిదే. చేత్తో తీసి చూస్తే పిండి జిగటగా వేళ్లకు అంటుకుంటుంది. అలాంటి తవుడు నుంచి తీసిన నూనెను వంటకు శుద్ధి చేయబోతే సగం ఆ శుద్ధిలోనే పోతుంది. చివరికి అది సబ్బుల తయారీకి వెళుతుంది.

మిర్యాలగూడ మిల్లుల వాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే తవుడు రాలిన కొద్ది గంటల్లోనే వేడి ఆవిరి పట్టించి లైపేజ్‌ను చంపేయడమో, వెంటనే నూనె మిల్లుకు పంపేయడమో చేస్తారు. ఉప్పుడు బియ్యం తీసేచోట ఆ పని ముందే అయిపోతుంది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టేటప్పుడే ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి బాయిల్డ్ రైస్ తవుడు పచ్చిబియ్యపు తవుడు కన్నా చాలా రోజులు ఆగుతుంది. నూనె శాతమూ దాంట్లోనే ఎక్కువ. హైదరాబాద్ వెంగళరావు నగర్ కిరాణా కొట్లో మనం అందుకునే రైస్‌బ్రాన్ ఆయిల్ ప్యాకెట్ వెనక ఇంత తొందర ఉంది.

ఈ వారం ముచ్చట్లన్నీ కొవ్వుల మీద పనిచేసే ఎంజైముల గురించే. పక్కనే కృష్ణానగర్‌లో, అవతల ఫిలింనగర్‌లో షూటింగులు చేసేవారికి చెప్పనక్కర్లేదు: నేల మీద టేపు అంటించి ‘మార్క్’ పెడతారు, ఫోకస్ ఆ మార్క్‌కే కట్టి ఉంటుంది, ఎంత గొప్ప నటుడైనా అడుగు పక్కకు జరిగితే ఆ షాట్ పనికిరాదు. కణంలో ఎంజైము సంగతీ అంతే. ఎంజైము ఏ అణువును తెంపుతుంది, ఏ అణువును అతుకుతుంది అన్నవి పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. అది ఎక్కడ నిలబడి ఆ పని చేస్తుందన్నది మాత్రం మనకు ఎవరూ పెద్దగా చెప్పరు. ఇక్కడ చెప్పబోయే రోగాలు, మందులు చాలావరకు ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

నూనెకూ నీళ్లకూ నడుమ

లైపేజ్ ఎంజైముకు ఒక విచిత్రమైన గుణం ఉంది. అది నీళ్లలో కరుగుతుంది. దాని మేత నూనె. నీళ్లలో పూర్తిగా కరిగిపోయిన కొవ్వు అణువు ఎదురైతే చాలా లైపేజ్‌లు అంతంత మాత్రంగానే పట్టించుకుంటాయి. నూనె బొట్టు ఏర్పడి, నూనెకూ నీటికీ నడుమ ఒక అంచు దొరికితే మాత్రం ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఫ్రాన్స్‌లో సార్దా, దెనుయెల్ అనే ఇద్దరు దీన్ని 1958లో స్పష్టంగా చూపించారు. కారణం తెలియడానికి మరో 30 ఏళ్లకు పైగా పట్టింది. 1990లో లైపేజ్ ఆకృతిని ఎక్స్‌రేలతో చూసినప్పుడు, పనిచేసే గుంట మీద చిన్న మూత కనిపించింది. నూనె అంచు తగిలినప్పుడే ఆ మూత పక్కకు జరుగుతుంది.

మధురానగర్ స్టేషన్‌లో నాగోలు మెట్రో ఎక్కితే తార్నాక చేరతాం. అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు ఈ అంచు సూత్రాన్నే తవుడు నూనె మీద వాడారు. పచ్చి తవుడు నూనెలో ఫాస్ఫోలిపిడ్ల జిగురు ఎక్కువ. దాన్ని తీయకపోతే నూనె నల్లబడుతుంది, శుద్ధిలో నష్టమూ ఎక్కువ. ఫాస్ఫోలైపేజ్ ఎంజైమును నీళ్లలో కలిపి, ఆ నీటిని సన్నటి తుంపరలుగా నూనెలో కలియబెడితే, తుంపరల అంచుల్లో నిలిచిన ఎంజైము జిగురు అణువుకున్న రెండు కొవ్వు ఆమ్లాల్లో ఒకదాన్ని తీసేస్తుంది. మిగిలిన ముక్క నీటి వైపు మొగ్గుతుంది, నీటితోపాటే బయటికి పోతుంది. రసాయనాల వాడకం తగ్గించిన ఈ పద్ధతి మిల్లుల దాకా వెళ్లింది. మన ఊళ్లో జరిగిన పని కాబట్టి కాస్త గర్వంగానే చెబుతున్నాను.

నాగుపాము విషం నుంచి ఉబ్బసం మందు దాకా

మన పేటకు కూతవేటు దూరంలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి. చలికాలం ముదిరేకొద్దీ అక్కడి ఓపీలో పిల్లికూతలతో వచ్చేవారి వరుస పెరుగుతుంది. ఆ పిల్లికూతలకు మూలమైన ఒక పదార్థం జాడ మొదట దొరికింది నాగుపాము విషంతో చేసిన ప్రయోగంలో. ఇది మీకు తెలుసా?

1938లో మెల్‌బోర్న్‌లో విల్హెల్మ్ ఫెల్డ్‌బర్గ్, చార్లెస్ కెల్లవే గినీ పంది ఊపిరితిత్తుల్లోకి నాగు విషాన్ని పంపారు. అటువైపు నుంచి కారిన ద్రవాన్ని ఒక పేగు ముక్క మీద పోసి చూశారు. అందులోని హిస్టమిన్‌కు పేగు చటుక్కున ముడుచుకుని వదిలేస్తుంది, అది అప్పటికే తెలిసిన సంగతి. ఇక్కడ మరో రకం బిగింపు కనిపించింది. నెమ్మదిగా మొదలై, చాలాసేపు వదలని బిగింపు. ఆ పదార్థం ఏమిటో తెలియక ‘నెమ్మదిగా పనిచేసే పదార్థం’ అనే పేరుతోనే దశాబ్దాలు గడిపేశారు. ఉబ్బసం రోగి ఛాతీ పట్టేసినట్టుండి గంటల తరబడి వదలకపోవడానికి ఇదే కారణమని అనుమానించారు. స్వీడన్‌లో బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందం 1979లో దాని నిర్మాణం విప్పింది. దానికి, దాని బంధువర్గానికి లూకోట్రైన్లు అని పేరు పెట్టింది. 1982లో సామ్యుయెల్సన్‌కు నోబెల్ వచ్చింది. శ్వాసనాళాలను బిగించడంలో లూకోట్రైన్లు హిస్టమిన్ కన్నా సుమారు వెయ్యి రెట్లు బలమైనవి.

నాగు విషంలో ఏముంది మరి? ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైము సమృద్ధిగా ఉంటుంది. కణాల పొరల్లోని ఫాస్ఫోలిపిడ్ అణువు నుంచి మధ్య స్థానంలోని కొవ్వు ఆమ్లాన్ని తెంపడం దాని పని. అలా తెగిన అరాకిడోనిక్ ఆమ్లమే లూకోట్రైన్లకు ముడిసరుకు. ఇదే కోత కోసే ఎంజైము మన ఒంట్లోనూ ఉంది. పాము ఎంజైము కణం బయట పనిచేస్తుంది, ఎందుకంటే దానికి దండిగా కాల్షియం కావాలి. రక్తంలో కాల్షియం ఉన్నదాంట్లో పదివేల వంతు కూడా కణం లోపలి ద్రవంలో ఉండదు. మన కణాల లోపలుండే రకం వేరు. అది కణద్రవంలో ఊరికే తేలుతూ ఉంటుంది. పుప్పొడో దుమ్మో తగిలి కణం రెచ్చిపోయి, లోపల కాల్షియం కాస్త పెరిగితే చాలు, ఎంజైము కొసనున్న ఒక భాగం ఆ కాల్షియంను పట్టుకుని పొరకు అంటుకుంటుంది.

ఏ పొరకు? ఇక్కడే శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు. లూకోట్రైన్లు కణం బయటికి వెళ్లాల్సిన సరుకు కాబట్టి అంతా కణపు వెలుపలి పొర దగ్గరే జరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆ ఎంజైము వెళ్లి అంటుకునేది లోపల, కేంద్రకాన్ని చుట్టి ఉన్న పొరకు, దాని పక్కనున్న అంతర్జీవ ద్రవ్యజాలం, గాల్జీ అనే అరలకు. తర్వాతి ఎంజైము 5-లైపాక్సిజనేజ్ కూడా కాల్షియం పెరగగానే ఆ కేంద్రక పొర దగ్గరికే పరుగెడుతుంది. లూకోట్రైన్ సి4ను అతికే ఎంజైము ముందు నుంచే ఆ పొరలో పాతుకుని ఉంటుంది. డీఎన్ఏ ఉండే గది గోడ మీదే ఉబ్బసం సరుకు తయారవుతోందన్నమాట.

ఈ సంగతి బయటపడిన తీరు ఇంకా బాగుంటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో మెర్క్ పరిశోధకుల దగ్గర ఎంకే-886 అనే రసాయనం ఉండేది. తెల్లరక్తకణాల్లో వేస్తే లూకోట్రైన్ల తయారీ ఆగిపోయేది. కణాలను చితక్కొట్టి, ఆ రసంలో 5-లైపాక్సిజనేజ్ మీద వేస్తే ఏమీ జరిగేది కాదు. అంటే అది ఎంజైమును తాకడం లేదు, నిండు కణంలో మాత్రమే ఉండే మరిదేన్నో పట్టుకుంటోంది. ఆ మరొకటి ఏమిటని వెదికి 1990లో ఫ్లాప్ అనే చిన్న ప్రొటీన్‌ను పట్టుకున్నారు. అది కేంద్రక పొరలో ఉంటుంది, అరాకిడోనిక్ ఆమ్లాన్ని 5-లైపాక్సిజనేజ్‌కు అందిస్తుంది. తనంతట తాను ఏ కోతా కోయదు, ఏ అతుకూ అతకదు. అది లేకపోతే మాత్రం ఎంజైము పొర దగ్గర నిలిచి పనిచేయలేదు. కణాన్ని చితక్కొట్టి ఎంజైమును గాజు గొట్టంలో చూసినంతకాలం ఈ ప్రొటీన్ ఎవరికీ కనపడేది కాదు.

ఉబ్బసం ఉన్న చాలా ఇళ్లలో రాత్రి పూట వేసుకునే మాంటెలుకాస్ట్ బిళ్ల వెనక కథ ఇది. అమెరికాలో 1998లో అనుమతి పొందిన ఆ మందు పుట్టింది కూడా ఆ మాంట్రియల్ పరిశోధనశాలలోనే. అది ఎంజైమును ఆపదు. తయారైన లూకోట్రైన్ వెళ్లి శ్వాసనాళపు కండరం మీద కూర్చునే గ్రాహకాన్ని మూసేస్తుంది. ఎంజైమునే ఆపే జైల్యూటాన్ 1996లో వచ్చింది గానీ రోజుకు నాలుగుసార్లు వేసుకోవాల్సి రావడంతో అంతగా నిలదొక్కుకోలేదు. ఒక మాట ఇక్కడే చెప్పాలి. మాంటెలుకాస్ట్ వేసుకునే కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, పీడకలలు, చిరాకు, దిగులు వంటివి కనిపిస్తున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక జారీ చేసింది. మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వాడేవాళ్లు మన పేటలోనూ ఉన్నారు. డాక్టరును అడిగి వాడండి, అలాంటి మార్పులు కనిపిస్తే వెంటనే చెప్పండి.

అదే ఎంజైము, రెండు ఫలితాలు

ఇంకో విశేషం. 5-లైపాక్సిజనేజ్ అన్ని కణాల్లో ఒకే చోట ఉండదు. రక్తంలో తిరిగే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణంలో అది కణద్రవంలో ఉంటుంది. రక్తనాళం దాటి వాపు ఉన్న చోటికి చేరిన న్యూట్రోఫిల్‌లో కేంద్రకం లోపలికి వెళ్లిపోతుంది. ఊపిరితిత్తుల గాలి గదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజ్‌లలోనైతే మామూలుగానే కేంద్రకంలో ఉంటుంది.

దీనివల్ల ఏమవుతుందో 2014లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇరా టాబాస్ బృందం చూపింది. మాక్రోఫేజ్‌లో ఈ ఎంజైము కేంద్రకంలో ఉంటే వాపును రగిలించే లూకోట్రైన్ బి4 తయారవుతుంది. అదే ఎంజైము కణద్రవంలోకి జరిగితే, అక్కడున్న మరో లైపాక్సిజనేజ్‌తో కలిసి వాపును చల్లార్చే లిపాక్సిన్ ఏ4 తయారుచేయడానికి మొగ్గుతుంది. ఎంజైములోని 271వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఒక ఫాస్ఫేట్ చేరితే అది కేంద్రకంలో ఉండిపోతుంది, ఆ ఫాస్ఫేట్ లేకపోతే బయటికి వస్తుంది. చేప నూనెలోని డీహెచ్ఏ నుంచి మన ఒళ్లే తయారుచేసుకునే రిజాల్విన్ డీ1 ఈ రెండో దారికి సాయపడుతుంది. వాపును మొదలుపెట్టేది, ముగించేది ఒకే ఎంజైమని తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. దాన్ని పూర్తిగా చంపే మందు వెదకడం కన్నా చోటు మార్చే మందు వెదకడమే తెలివైన దారని నా నమ్మకం.

ఆలుగడ్డలో ఆస్తమా ఎంజైము

5-లైపాక్సిజనేజ్ మీద తొలి పాఠాలు కొన్ని ఆలుగడ్డ నేర్పింది. తెల్లరక్తకణాల నుంచి ఆ ఎంజైము తీయాలంటే లీటర్ల కొద్దీ రక్తం కావాలి, అదీ చేతిలోకి రాగానే పాడైపోయేది. ఆలుగడ్డలో దాన్ని పోలిన ఎంజైము దండిగా ఉంది. సామ్యుయెల్సన్ బృందం 1984లో ఆలుగడ్డ ఎంజైముతోనే ఒక ముఖ్యమైన సంగతి చూపించింది: అరాకిడోనిక్ ఆమ్లం నుంచి లూకోట్రైన్ ఏ4 దాకా ఉన్న రెండు మెట్లనూ ఒకే ఎంజైము ఎక్కగలదని.

ఆలుగడ్డ నుంచి ఆ ఎంజైమును శుద్ధి చేసే పద్ధతిని 1990లో వివరంగా రాసినవారిలో తెలుగువాళ్లున్నారు. పల్లు రెడ్డన్న, మద్దిపాటి కృష్ణారావు, సి. చన్నారెడ్డి. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేసిన పని అది. రెడ్డన్న గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి ఈ ఎంజైముల మీదే పరిశోధన నడిపారు. స్పిరులినా నాచులోని నీలి ప్రొటీన్, సి-ఫైకోసయనిన్, అరాకిడోనిక్ ఆమ్లం మీదే పనిచేసే మరో ఎంజైము కాక్స్-2ను ఎంచి మరీ ఆపుతుందని 2000లో వెలువడిన పత్రంలో ఆయన భాగస్వామి.

ఆలుగడ్డకు ఉబ్బసం రాదు గదా, మరి దానికెందుకీ ఎంజైము? మొక్కల్లో లైపాక్సిజనేజ్‌లు గాయానికీ తెగులుకూ జవాబిచ్చే సరంజామాలో భాగం. ఆకును పురుగు కొరికితే జాస్మోనిక్ ఆమ్లం పుడుతుంది. దాని తయారీ క్లోరోప్లాస్టులో లైపాక్సిజనేజ్‌తో మొదలై, పెరాక్సిసోమ్ అనే మరో అరలో ముగుస్తుంది. కోసిన పచ్చిగడ్డి వాసనా ఇలాంటిదే. అరలు చిట్లి, ఎంజైములూ కొవ్వులూ కలిశాకే ఆ వాసన వస్తుంది.

కేంద్రకం లేని కణం, చిన్న ఆస్పిరిన్

గుండె జబ్బు వచ్చినవారికి డాక్టర్లు రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రాస్తారు. మింగిన ఆస్పిరిన్ రక్తంలో 15, 20 నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది. అయినా దాని ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. ఎలా?

ఆస్పిరిన్ కాక్స్ ఎంజైము లోపల ఒక సెరీన్‌కు తన ముక్కను శాశ్వతంగా అంటించేస్తుంది. అరాకిడోనిక్ ఆమ్లం ఇక లోపలికి దూరలేదు. మామూలు కణమైతే కొత్త ఎంజైము తయారుచేసుకుంటుంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్‌కు కేంద్రకమే లేదు. ఒకసారి ఎంజైము పోతే అది బతికే 7 నుంచి 10 రోజులూ అంతే. పైగా ఆ కాస్త ఆస్పిరిన్ పేగుల నుంచి కాలేయానికి వెళ్లే సిరలోనే ప్లేట్‌లెట్లకు ఎదురవుతుంది. కాలేయం దాటేసరికి దాదాపు సగం విరిగిపోతుంది కాబట్టి మిగతా ఒంటి మీద ప్రభావం తక్కువ. అంత చిన్న మోతాదు సరిపోవడానికి ఇదే కారణం.

ఉబ్బసం ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఆ జాతి నొప్పి మాత్రలు పడవు. వేసుకున్న గంటా రెండు గంటల్లో ఊపిరి బిగుసుకుంటుంది. కాక్స్ ఆగిపోతే లూకోట్రైన్లను అదుపులో పెట్టే ప్రొస్టాగ్లాండిన్ ఇ2 తగ్గి, లూకోట్రైన్లు పెచ్చుమీరుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారికి ఒళ్లు నొప్పులకు మాత్ర ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

కొలెస్ట్రాల్ లెక్క ఎక్కడ చూస్తారు?

కణంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం వెలుపలి పొరలో ఉంటుంది. అంతర్జీవ ద్రవ్యజాలంలో ఉండేది ఒక శాతం అటూ ఇటూ. కొలెస్ట్రాల్ తయారుచేసే ముఖ్య ఎంజైము హెచ్ఎంజీ-కోఏ రిడక్టేజ్ మాత్రం ఆ కొద్దిపాటి చోటే ఉంటుంది, ఎనిమిదిసార్లు పొరను గుచ్చుకుని మరీ. స్టాటిన్ మాత్రలు ఆపేది దీన్నే. కొలెస్ట్రాల్ సరిపోయిందా లేదా అని కణం చూసుకునేదీ అక్కడే. ఆ పొర అణువుల్లో కొలెస్ట్రాల్ 5 శాతం కన్నా తగ్గితే, స్రెబ్ప్ అనే ప్రొటీన్ అక్కడి నుంచి గాల్జీకి ప్రయాణమవుతుంది. దాన్ని కోసే ఎంజైములు గాల్జీలో ఉన్నాయి. తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి కొలెస్ట్రాల్ జన్యువులను లేపుతుంది.

1999లో డల్లాస్‌లో గోల్డ్‌స్టీన్, బ్రౌన్‌ల బృందం ఒక ప్రయోగం చేసింది. గాల్జీలోని ఆ కోత ఎంజైమును వెనక్కి, అంతర్జీవ ద్రవ్యజాలంలోకి వచ్చేట్టు చేసింది. అంతే, కొలెస్ట్రాల్ నిండా ఉన్నా స్రెబ్ప్ తెగిపోయింది. అదుపంతా ఆ రెంటినీ వేరువేరు చోట్ల ఉంచడంలోనే ఉందని అప్పుడు రుజువైంది.

వేరుశనగలో తేలే ఎంజైము

మిరపకాయ బజ్జీ బండి దగ్గర కాగే వేరుశనగ నూనె సంగతి కొంచెం. నూనె అణువుకు మూడో కొవ్వు ఆమ్లాన్ని అతికే డీగ్యాట్ ఎంజైము పొరల్లో పాతుకుని ఉంటుందనే అందరూ చదువుకున్నారు. 2006లో బెంగళూరు ఐఐఎస్‌సీలో రామ్ రాజశేఖరన్ బృందం పచ్చి వేరుశనగ గింజల్లో పొరతో సంబంధం లేని, కణద్రవంలో కరిగి ఉండే డీగ్యాట్‌ను పట్టుకుంది. తర్వాత దాన్ని మూడో రకంగా లెక్కవేశారు. 

పటాన్‌చెరు ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన కేంద్రం కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఒలియిక్ ఆమ్లం దాదాపు 80 శాతం. 2020 అక్టోబరులో ప్రధాని జాతికి అంకితం చేసిన 17 పోషక రకాల్లో ఇవి రెండు. వీటిలో అంతర్జీవ ద్రవ్యజాలంలో ఉండే ఫ్యాడ్2 ఎంజైము దెబ్బతిని ఉంటుంది, అందుకే ఒలియిక్ ఆమ్లం లినోలియిక్‌గా మారదు, నూనె త్వరగా ముక్కిపోదు. మొక్కకు నష్టం లేదు. ఆకు క్లోరోప్లాస్టులో అదే పని చేసే ఫ్యాడ్6 వేరే ఉంది.

పంజాగుట్టలో అడగవలసిన ప్రశ్న

చివరి ముచ్చట కాస్త బరువైనది. లైసోసోమ్ అనే అరలో గ్లూకోసెరిబ్రోసిడేజ్ ఎంజైము సరిగా లేకపోతే గౌషర్ వ్యాధి వస్తుంది. ముసలి రక్తకణాలను మింగే మాక్రోఫేజ్‌లు ఒక రకం కొవ్వుతో ఉబ్బిపోతాయి. పిల్లవాడి ప్లీహం, కాలేయం పెరిగి పొట్ట ముందుకు వస్తుంది. రక్తహీనత, ప్లేట్‌లెట్లు తగ్గడం, ఎముకల నొప్పులు తోడవుతాయి. తల్లిదండ్రులిద్దరూ లోపపు జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఎక్కువగా ఉండే మన ఇళ్లలో ఇలాంటి జబ్బులకు ఆస్కారం ఎక్కువ.

ఎంజైము లేకపోతే బయటి నుంచి ఎక్కిస్తే సరి అనుకున్నారు అమెరికాలో రాస్కో బ్రేడీ బృందం. మానవ మాయ నుంచి తీసిన ఎంజైమును ఎక్కించారు. అది ఎక్కువగా కాలేయపు మామూలు కణాల్లోకి పోయింది. జబ్బుపడింది మాక్రోఫేజ్‌లు. అప్పుడు ఎంజైము మీదున్న చక్కెర గొలుసులను కత్తిరించి, కొసన మానోజ్ బయటపడేట్టు చేశారు. మాక్రోఫేజ్‌లకు మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలున్నాయి. ఎంజైమును అవి లోపలికి లాక్కుని లైసోసోమ్‌కు చేర్చాయి. ఎంజైము చేసే పనిలో మార్పేమీ లేదు, చేరే చోటే మారింది. 1991లో మందుగా అనుమతి వచ్చింది, 1994లో జన్యు సాంకేతికతతో తయారైన రూపం. 2012లో అనుమతి పొందిన మరో రూపాన్ని క్యారట్ కణాల్లో పెంచుతారు. ఎంజైమును ఆ కణాల రిక్తికలోకి పంపితే మానోజ్ దానంతట అదే బయటపడుతుంది, మళ్లీ కత్తిరించే పని లేదు.

రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, జీవితాంతం. ఖర్చు సామాన్యులు భరించేది కాదు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో హైదరాబాద్‌కు సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. 2022లో ఒక్కో రోగికి ఇచ్చే సాయాన్ని 50 లక్షల రూపాయల దాకా పెంచారు. జీవితాంతపు మందుకు ఆ పరిమితి చాలదని కుటుంబాలు కోర్టులకెక్కాయి, వారి బాధ న్యాయమైనది. వెంగళరావు నగర్ నుంచి పంజాగుట్ట నిమ్స్ ఎంతో దూరం కాదు. కారణం తెలియకుండా ప్లీహం పెరిగిన పిల్లలెవరైనా మీకు తెలిసి ఉంటే, ఎముక మజ్జ పరీక్షతో ఆగిపోకుండా, రక్తంలో ఈ ఎంజైము చురుకుదనం కొలిచే పరీక్ష చేయించారా అని డాక్టరును అడగమనండి. దానికి కొద్దిపాటి రక్తం చాలు.